ఊపిరి మీద కన్ను

మా అమ్మాయి ఆపరేషన్ మొదటిసారి వాయిదా పడింది జలుబు వల్ల. పెద్ద జలుబు కూడా కాదు. ముందురోజు రాత్రి రెండుమూడుసార్లు తుమ్మింది, పొద్దున్నే ముక్కు కాస్త కారుతోంది. అంతే. అప్పటికి దానికి నాలుగో నెల, బరువు 5 కిలోల పైచిలుకు. పుట్టుకతోనే పైపెదవి చీలి ఉంది. మన ఇళ్ళల్లో దీన్ని గ్రహణం మొర్రి అంటారు. కడుపుతో ఉన్న మనిషి గ్రహణం వేళ బయటికొస్తేనో, కత్తిపీట ముందు కూచుంటేనో ఇలా అవుతుందని ఒక నమ్మకం. మా ఆవిడ ఆ తొమ్మిది నెలల్లో ఏ గ్రహణం నాడు ఎక్కడుందో ఆరా తీసే పని మా చుట్టాల్లో కొందరు శ్రద్ధగా చేశారు. ఆ మాటలు వినీ వినీ ఉన్నవాళ్ళం, ఆపరేషన్ తేదీ కోసం ఎంత ఎదురుచూశామో చెప్పనక్కర్లేదు.

మత్తు డాక్టరుగారు యాభై దాటిన మనిషి. పాప ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. ముక్కు చూశారు. "ఇవాళ వద్దమ్మా. తగ్గాక ఇంకో రెండుమూడు వారాలు ఆగి తీసుకురండి" అన్నారు మా ఆవిడతో. నాకు కోపం వచ్చింది. "మేడమ్, ఇద్దరం సెలవు పెట్టుకుని వచ్చాం. నాలుగు గంటల్నించి పాలు కూడా ఇవ్వకుండా ఏడిపిస్తున్నాం. ఇంత చిన్న జలుబుకా?" అన్నాను. ఆవిడ విసుక్కోలేదు. చేతిలో ఉన్న రిపోర్టు వెనక్కి తిప్పి పెన్నుతో ఒక సున్నా చుట్టారు.

"పాప ఊపిరి గొట్టం ఇంచుమించు 4 మిల్లీమీటర్లండీ. జలుబుకి లోపల చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాచిందనుకోండి, ఎంత మిగుల్తుంది?"

"రెండు."

"మీరు ఇంజినీరని రాశారుగా. మిగతాది మీరే లెక్కేసుకోండి."

క్యాబ్‌లో ఇంటికి వస్తూ లెక్కేశాను. ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో పైపుల్లో ద్రవాలు పారే సూత్రం ఒకటి బట్టీపట్టాం. పాయిజెల్ సూత్రం. ప్రవాహం సాఫీగా ఉన్నప్పుడు, గొట్టం వ్యాసార్థం సగమైతే దాని నిరోధం రెట్టింపు కాదు, 16 రెట్లవుతుంది. పెద్దవాళ్ళ శ్వాసనాళం 16 మిల్లీమీటర్లనుకుంటే అదే ఒక మిల్లీమీటరు వాపుకి నిరోధం రెట్టింపు కూడా అవదు, ఇంచుమించు 1.7 రెట్లు. మనకి గొంతు గరగర. పసిబిడ్డకి స్ట్రాలోంచి ఊపిరి పీల్చుకోవడం. ఆ పాయిజెల్ అనే ఆయన ఇంజినీరు కాదని, రక్తం సన్నటి నాళాల్లో ఎలా పారుతుందో తెలుసుకోవాలనుకున్న ఫ్రెంచి డాక్టరని అప్పుడే తెలిసింది. మా కాలేజీలో ఎవరూ ఈ సంగతి చెప్పలేదు.

ఆ మూడు వారాలూ ఆఫీసు అయ్యాక నేను చేసిన పని చదవడం. మా ఉద్యోగంలో ఏదైనా సిస్టమ్ కుప్పకూలితే, తర్వాత అందరం కూచుని ఏ నిమిషాన ఏం జరిగింది, ఎవరు ఏం చూశారు, ఏం చూడలేదు అని ఒక డాక్యుమెంటు రాస్తాం. దానికి పోస్ట్‌మార్టం అని పేరు. కొత్త సిస్టమ్‌ని నమ్మాలా వద్దా అని తేల్చుకోడానికి నేను మొదట చదివేది దాని పాత పోస్ట్‌మార్టాలే. చంటిపిల్లలకి మత్తిచ్చి ఊపిరి నిలబెట్టే విద్యని కూడా అలాగే చదివాను. కాకపోతే ఇక్కడ ఆ మాటకి అసలు అర్థమే ఉంది.

*

1846 అక్టోబర్ 16న బోస్టన్‌లో విలియం మోర్టన్ ఈథర్‌తో మత్తిచ్చి చూపించాడు. మరుసటి ఏడాది నవంబర్లో ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫాం తెచ్చాడు. ఇంకో మూడు నెలలు తిరక్కుండానే, 1848 జనవరి 28న, ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ దగ్గర వింలాటన్ అనే ఊళ్ళో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ళ అమ్మాయి కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి చనిపోయింది. పోతున్న ప్రాణాన్ని పట్టుకోవాలని డాక్టరు ఆమె నోట్లో నీళ్ళు పోశాడు, తర్వాత బ్రాందీ పోశాడు. మత్తులో ఉన్న మనిషి గుటక వేయలేదు, దగ్గలేదు. ఆ సంగతి అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలీదు.

ఆమె ఎందుకు చనిపోయింది? మోతాదు మించి గుండె ఆగిందన్నాడు జాన్ స్నో. కాదు, నీళ్ళూ బ్రాందీ అడ్డం పడి ఊపిరాడక పోయిందన్నాడు సింప్సన్. స్నో అంటే కలరాకీ మంచినీళ్ళ పంపుకీ సంబంధం పట్టుకున్న స్నోనే. ఆయన అసలు వృత్తి మత్తివ్వడం. అంతకంటే ముందే, ఈథర్ రాకకు ఐదేళ్ళ ముందు, 1841లో పుట్టగానే ఊపిరి తీయని బిడ్డల్ని బతికించడం గురించి ఒక వ్యాసం చదివాడు. తర్వాత ఏడాది నిండని పిల్లలకే వందమందికి పైగా క్లోరోఫాం ఇచ్చాడు. పిల్లలకి మత్తు త్వరగా ఎక్కుతుంది, త్వరగా దిగుతుంది, ఎందుకంటే వాళ్ళ శ్వాస వేగం అని రాశాడు. గుడ్డ మీద పోసి ముక్కు దగ్గర పెట్టడం కాదు, ఎంత ఆవిరి లోపలికి పోతోందో తెలియాలి అన్నది ఆయన పట్టుదల.

గుండెనా, ఊపిరా అన్న ఆ తగువు 40 ఏళ్ళు సాగి మన హైదరాబాదు చేరింది. ఎడ్వర్డ్ లారీ అని రెసిడెన్సీ సర్జన్. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో, అంటే తర్వాతి ఉస్మానియాకి పూర్వరూపం అనుకోవచ్చు, వేలమందికి క్లోరోఫాం ఇప్పించినవాడు. నాడి పట్టుకుని కూచోవద్దు, ఊపిరి చూడు, ఊపిరి ఆగకుండా చూసుకుంటే గుండెకి ఏమీ కాదు అన్నది ఆయన సిద్ధాంతం. 1888లో ఒక కమిషన్ వేసి జంతువుల మీద పరీక్షలు చేశారు. లండన్‌లో నమ్మలేదు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌన్లిచ్చి, మీ మనిషినే పంపండి అని లాన్సెట్ పత్రికని పిలిచాడు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. గుండె వైపు వాదంతో ఓడ ఎక్కినవాడు, హైదరాబాదులో మనసు మార్చుకున్నాడు. ఆ రోజుల్లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివి క్లోరోఫాం ఇచ్చినవాళ్ళలో రూపా బాయి ఫర్దూన్‌జీ ఒకరు. మత్తివ్వడం వృత్తిగా పెట్టుకున్న తొలి మహిళల్లో ఆమె పేరు ప్రపంచమంతా చెప్పుకుంటుంది. మన ఊళ్ళో చెప్పుకోవడం నేనైతే వినలేదు.

కమిషన్ చెప్పింది పూర్తిగా నిజం కాదు. 1911లో గుడ్‌మన్ లెవీ, క్లోరోఫాం పలచగా ఇచ్చినప్పుడు గుండె దానంతటదే లయ తప్పి ఆగిపోగలదని పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో చూపించాడు. కాబట్టి హైదరాబాదు కమిషన్‌ని వైద్య చరిత్రల్లో సాధారణంగా ఒక తప్పుదోవగా రాస్తారు. నాకు మాత్రం ఆ తీర్పు సగమే న్యాయం అనిపించింది. సిద్ధాంతంగా తప్పైనా, పని చేసే మనిషికిచ్చిన సలహాగా, ముఖ్యంగా చంటిపిల్లల విషయంలో, అది ఇప్పటికీ నిలబడే మాట. పసిబిడ్డల్లో మత్తులో ఉండగా గుండె నెమ్మదించిందంటే చాలాసార్లు దానికి ముందు ఊపిరి అందకపోవడమే జరిగి ఉంటుంది. బిడ్డ ప్రతి కిలోకీ పెద్దవాళ్ళకంటే ఇంచుమించు రెట్టింపు ఆక్సిజన్ వాడేస్తుంది. ఊపిరితిత్తుల్లో నిలవ మాత్రం తక్కువ. పెద్దవాళ్ళకి ముందుగా ఆక్సిజన్ పట్టిస్తే శ్వాస ఆగినా కొన్ని నిమిషాల వ్యవధి దొరుకుతుంది. చంటిబిడ్డకి నిమిషం, నిమిషంన్నర. అప్పుడే పుట్టినవాళ్ళకి అదీ ఉండదు.

*

అదే కాలంలో న్యూయార్కులో ఒక డాక్టరు, మత్తుతో సంబంధం లేకుండా, పిల్లల గొంతుల్లోకి గొట్టాలు దించుతున్నాడు. జోసెఫ్ ఓడ్వయర్. అనాథ శిశువుల ఆశ్రమంలో డాక్టరు. అక్కడ డిఫ్తీరియా, మన పాత పుస్తకాల్లో కంఠసర్పి అని ఉండేదే, వచ్చిన పిల్లలకి గొంతులో పొర కట్టి ఊపిరాడేది కాదు. మెడ మీద కోసి గొట్టం పెడితే చాలామంది ఎలాగూ చనిపోయేవారు. ఆయన చిన్న చిన్న ఇత్తడి గొట్టాలు చేయించి, నోటి గుండా స్వరపేటికలో కూర్చోబెట్టే పద్ధతి కనిపెట్టి 1885లో ప్రకటించాడు. 1858లోనే పారిస్‌లో బూషూ అనే ఆయన ఇలాంటిది చేస్తే అక్కడి అకాడమీ పెద్దలు కొట్టిపారేశారు.

ఓడ్వయర్ పద్ధతిలో కంటికి ఏమీ కనిపించదు. బిడ్డని దుప్పట్లో చుట్టి నర్సు ఒళ్ళో పట్టుకుంటుంది. డాక్టరు చూపుడువేలు గొంతులోకి పోనిచ్చి, నాళం మీద మూతలా ఉండే ఉపజిహ్వికని పైకెత్తి, ఆ వేలి పక్కనుంచే గొట్టాన్ని జారవిడవాలి. కొన్ని సెకన్లలో అయిపోవాలి, ఎందుకంటే అంతసేపూ బిడ్డకి గాలి లేదు. తప్పు దారిలో పోతే వెనక్కి లాగడానికి గొట్టానికి ఒక పట్టుదారం. నేను ఇది చదివి లేచి వెళ్ళి కాసేపు పాప దగ్గర కూచున్నాను. దాని నోట్లో నా చూపుడువేలు పట్టడమే కష్టం.

నోటి లోపలికి చూడడం తర్వాత వచ్చింది. 1895లో బెర్లిన్‌లో కిర్‌స్టయిన్ నాలుకని నొక్కిపట్టి స్వరపేటికని నేరుగా కంటితో చూశాడు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఇంగ్లండ్‌లో సిడ్‌కప్ ఆసుపత్రిలో ముఖాలు ఛిద్రమైన సైనికులకి హెరాల్డ్ గిలీస్ శస్త్రచికిత్స చేస్తుంటే, మత్తిచ్చే మగిల్, రోబోథమ్‌లకి ఒక చిక్కు వచ్చింది. ముఖం మీదే ఆపరేషన్ జరుగుతుంటే మాస్కు ఎక్కడ పెట్టాలి? దానికి సమాధానంగా శ్వాసనాళంలోకి రబ్బరు గొట్టం పెట్టి, సర్జన్ చేతికి అడ్డం రాకుండా మత్తివ్వడం వాళ్ళు స్థిరపరిచారు.

పెదవి చీలిన పసిపిల్లలది కూడా ఇదే చిక్కు, కాకపోతే పదో వంతు కొలతల్లో. సర్జన్‌కీ మత్తు డాక్టరుకీ కావాల్సింది ఒకటే చోటు. పెద్దవాళ్ళ యంత్రాల్లో కవాటాలుంటాయి. 3 కిలోల బిడ్డ ఒక్కసారి పీల్చే గాలి 20 మిల్లీలీటర్లు, అంటే నాలుగు టీస్పూన్లు. ఆ ఊపిరికి కవాటం తెరుచుకోవడమే బరువు. పైగా గొట్టాల్లో మిగిలిన పాత గాలినే మళ్ళీ పీల్చుకోవాల్సి వస్తుంది.

దీనికి దారి చూపినవాడు న్యూకాజిల్‌లో మత్తు డాక్టరు ఫిలిప్ ఎయిర్. హానా గ్రీనర్ పోయిన చోటుకి కొద్ది మైళ్ళ దూరం. ఇంగ్లీషులో ఆయన ఇంటిపేరు పలికితే గాలి అన్న మాటలాగే వినపడుతుంది. 1937లో ఆయన ప్రకటించిన పరికరం చూస్తే నవ్వొస్తుంది. ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో ఒక గొట్టం ముక్క. ఒక కొస బిడ్డ గొంతులోని గొట్టానికి, ఒక కొస మత్తూ ఆక్సిజనూ వచ్చే దారికి, మూడో కొస బయటి గాలికి తెరిచి. కవాటం లేదు, సంచీ లేదు, కదిలే భాగం ఒక్కటీ లేదు. బిడ్డ వదిలిన గాలి తెరిచిన కొస గుండా పోతుంది, తాజా గాలి దాన్ని తోసేస్తుంది. చెడిపోవడానికి అందులో ఏమీ లేదు. నా పదకొండేళ్ళ ఉద్యోగంలో ఇంత తక్కువ భాగాలతో ఇంత పని చేసే డిజైన్ నేను చూడలేదు.

ఎయిర్ గురించి చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆయనకీ పుట్టుకతోనే పెదవీ అంగిలీ చీలి ఉన్నాయట. మాటలో ఆ తేడా జీవితమంతా ఉండిపోయిందట. వైద్య చరిత్రలు వీరగాథల్లా రాయడం నాకు నచ్చదు. అందుకే ఈ సంగతిని కూడా మరీ పెద్దది చెయ్యను. తన బాధే ఆయన్ని ఆ పనికి తెచ్చిందని నేను చెప్పలేను. కానీ ఆ రాత్రి మా ఆవిణ్ణి లేపి ఈ ఒక్క ముక్క చదివి వినిపించాను. గ్రహణం లెక్కలు తీసినవాళ్ళెవరూ మాకు ఇలాంటి మాట ఒకటి చెప్పలేదు.

1950లో లివర్‌పూల్‌లో జాక్సన్ రీస్ ఆ తెరిచిన కొసకి, తోకవైపు కూడా తెరిచి ఉన్న ఒక చిన్న సంచీ తగిలించాడు. ఆ సంచీని మత్తు డాక్టరు చేతిలో పట్టుకుంటే బిడ్డ ఊపిరి అరచేతికి తెలుస్తుంది. బిడ్డ పీల్చకపోతే తనే నొక్కి పీల్పించొచ్చు. మన ఆసుపత్రుల్లో దీన్ని ఇప్పటికీ జేఆర్ సర్క్యూట్ అంటారు. బోస్టన్‌లో రాబర్ట్ స్మిత్ బిడ్డ ఛాతీకి స్టెతస్కోపు ప్లాస్టరుతో అంటించి ఆపరేషన్ అయ్యేదాకా వింటూ ఉండడం అలవాటు చేశాడు. ఒకరికి చెయ్యి, ఒకరికి చెవి. లారీ హైదరాబాదులో చెప్పినదే ఇది, కొత్త సాధనాలతో.

ఇందులో ఒక చీకటి ముక్క కూడా ఉంది. కండరాలు సడలించే మందిస్తే బిడ్డ కదలదు, గొట్టం సులువుగా దిగుతుంది, ఊపిరి మన చేతిలో ఉంటుంది. కానీ నొప్పి తెలుస్తోందా అన్నది ఆ బిడ్డ చెప్పలేదు. అప్పుడే పుట్టినవాళ్ళకి నొప్పి తెలీదన్న నమ్మకంతో, చాలాచోట్ల చాలా ఏళ్ళు, నామమాత్రపు మత్తుతోనే కోశారు. 1987లో ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేస్తున్న మన దేశపు డాక్టరు కె.జె.ఎస్. ఆనంద్, నెలలు నిండని పిల్లల్లో సరైన నొప్పిమందు ఇస్తే శరీరం మీద ఆపరేషన్ దెబ్బ ఎంత తగ్గుతుందో చూపించాక గాని ఆ నమ్మకం కదల్లేదు. ఊపిరి మీద అంత నిఘా పెట్టినవాళ్ళకి కూడా, వెతకనిది కనపడలేదు.

*

నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టుకున్న పోస్ట్‌మార్టం ఇంకోటి ఉంది.

1897లో ఫ్రాన్స్‌లో బేయూ అనే డాక్టరు, కంఠసర్పి గొట్టాల కొలతల కోసం, చనిపోయిన కొద్దిమంది పిల్లల స్వరపేటికల్లో ప్లాస్టర్ పోసి అచ్చులు తీశాడు. ఆ అచ్చులు గరాటులా ఉన్నాయి. పైన వెడల్పు, కింద క్రికాయిడ్ అనే మృదులాస్థి ఉంగరం దగ్గర సన్నం. 1951లో అమెరికాలో ఎకెన్‌హాఫ్ అనే మత్తు డాక్టరు పసిపిల్లల స్వరపేటిక మీద రాసిన వ్యాసంలో ఈ కొలతలు వాడుకున్నాడు. ఇవి మృతదేహాల కొలతలు, బతికున్నవాళ్ళకి అచ్చంగా వర్తించకపోవచ్చని హెచ్చరిక కూడా పెట్టాడు. తర్వాతివాళ్ళు గరాటుని తీసుకున్నారు, హెచ్చరికని వదిలేశారు.

ఆ గరాటు మీద ఒక నియమం నిలబడింది. పెద్దవాళ్ళ గొట్టానికి చివర్లో చిన్న గాలిబుడగ ఉంటుంది, దాన్ని కఫ్ అంటారు. లోపల ఉబ్బి చుట్టూ సందు మూస్తుంది. పిల్లలకి ఆ ఉంగరమే సందు మూస్తుంది కాబట్టి, సుమారు ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళకి కఫ్ లేని గొట్టమే వాడాలని అర్ధశతాబ్దం పాటు పాఠ్యపుస్తకాలు చెప్పాయి. సైజు కుదరకపోతే తీసి ఇంకోటి, అదీ కుదరకపోతే ఇంకోటి. ప్రతి మార్పూ ఆ చిన్న గొంతులో ఇంకో రాపిడి.

2003లో లిట్‌మన్ బృందం మత్తులో ఉన్న పిల్లలకి ఎం.ఆర్.ఐ. తీసి చూసింది. 2009లో దలాల్ బృందం కెమెరా దించి చూసింది. బతికున్న పిల్లల్లో అన్నిటికంటే సన్నగా ఉన్నది ఉంగరం దగ్గర కాదు, స్వరతంత్రుల దగ్గర. పైగా లోపలి దారి గుండ్రంగా కాక కోడిగుడ్డులా ఉంది. కోడిగుడ్డు ఆకారంలో గుండ్రటి గొట్టం బిగిస్తే రెండు పక్కలా ఒరుసుకుంటుంది, మిగతా చోట గాలి కారుతుంది. అదే 2009లో ఐరోపాలో 24 ఆసుపత్రులు కలిసి, పుట్టినప్పటినుంచి ఐదేళ్ళ వరకూ వయసున్న 2,246 మంది పిల్లల మీద, కొత్త రకం మెత్తటి కఫ్ ఉన్న గొట్టాల్ని లేనివాటితో పోల్చి చూశాయి. గొట్టం తీశాక గొంతు వాచి ఊపిరిలో కీచుమనే శబ్దం వచ్చింది కఫ్ ఉన్నవాళ్ళలో 4.4 శాతం, లేనివాళ్ళలో 4.7 శాతం. ఇంచుమించు సమానం. గొట్టం మార్చాల్సి వచ్చింది మాత్రం 2.1 శాతం, 30.8 శాతం.

పాతవాళ్ళు తెలివితక్కువవాళ్ళని దీనర్థం కాదు. స్వరతంత్రులు సాగుతాయి, క్రికాయిడ్ ఉంగరం సాగదు. ఒత్తిడికి అక్కడే పుండు పడుతుంది కాబట్టి వాళ్ళ భయంలో నిజముంది. పాత రబ్బరు కఫ్‌లు గట్టివి కూడా. మరీ చిన్న పిల్లలకి కఫ్ లేనిదే ఇవాళ్టికీ వాడతారు. నా బెంగ వేరే. మా ప్రోగ్రాముల్లో ఎవరో ఎప్పుడో రాసిన ఒక అంకె ఉంటుంది. పక్కనే 'ఇది సరిచూడాలి' అని చిన్న వ్యాఖ్య ఉంటుంది. అందరూ ఆ అంకె మీదే కట్టుకుంటూ పోతారు, వ్యాఖ్యని ఎవరూ చదవరు. ఇక్కడ ఆ అంకె వెనక చనిపోయిన పిల్లలున్నారు. దాన్ని నమ్మి మళ్ళీ మళ్ళీ గొట్టాలు మార్చిన గొంతులు బతికున్న పిల్లలవి.

*

కంటికి కనపడని ఆక్సిజన్‌ని కనపడేట్టు చేసినవాడు మా జాతివాడే, ఇంజినీరు. జపాన్‌లో నిహాన్ కొహ్డెన్ కంపెనీలో పనిచేసిన తకువో అయోయాగి. చెవి గుండా కాంతి పంపి గుండె ఎంత రక్తం తోస్తోందో కొలవాలని చూస్తుంటే, నాడి కొట్టుకోవడం వల్ల కొలతలో చెదురు వస్తోంది. ఆ చెదురుని తీసేసే ప్రయత్నంలో, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే కబురు అందులోనే ఉందని గ్రహించాడు. 1974లో ప్రకటించాడు. అదే పల్స్ ఆక్సీమీటర్. కరోనా రోజుల్లో ప్రతి ఇంట్లో వేలికి పెట్టుకున్న చిన్న క్లిప్పు. ఆయన పోయింది 2020 ఏప్రిల్లో, ప్రపంచం ఆ క్లిప్పు కోసం ఎగబడుతున్నప్పుడే.

ఆక్సీమీటర్ రాకముందు బిడ్డ నీలంగా మారడాన్ని కళ్ళతో పట్టుకోవాలి. 1988లో చార్లెస్ కోటే బృందం పిల్లల ఆపరేషన్లలో ఈ పరికరాన్ని పరీక్షిస్తే, అనుభవజ్ఞుల కంటికంటే ముందే అది పట్టుకుంటోందని తేలింది. దాని బీప్ స్థాయి కూడా ఆక్సిజన్ తగ్గేకొద్దీ కిందికి దిగుతుంది. తల తిప్పి చూడకుండానే చెవికి తెలుస్తుంది. దీనికి తోడు వదిలిన గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ని అల గీతగా చూపించే కాప్నోగ్రాఫ్ వచ్చింది. గొట్టం శ్వాసనాళంలో కాక అన్నవాహికలోకి పోతే ఆ అల నిలబడదు. ఇక ఇద్దరు డాక్టర్లు వాదించుకోనక్కర్లేదు.

అయినా ఇది తేలికైపోయిన పని కాదు. ఐరోపాలో నెక్టరీన్ అనే పెద్ద అధ్యయనం పసికందులకి గొట్టం వేయడం ఎంతమందిలో కష్టమైందో లెక్కపెట్టి 2021లో ప్రకటించింది. 5.8 శాతం. ఆ కష్టమైనవాళ్ళలో 40 శాతం మందికి ఆక్సిజన్ 90 కంటే కిందికి పడింది. ఆ తర్వాత ఐరోపా మత్తు వైద్యుల సంఘం, బ్రిటిష్ జర్నల్ ఆఫ్ అనస్థీషియా కలిసి నవజాత శిశువులకీ చంటిపిల్లలకీ ప్రత్యేకంగా మార్గదర్శకాలు రాశాయి. ముందు చరిత్ర అడిగి, బిడ్డని పరీక్షించి, కష్టమవుతుందేమో అంచనా వెయ్యండి. గొట్టం వేసేటప్పుడు బిడ్డకి తగినంత మత్తు ఉండాలి. వయసుకి తగిన బ్లేడుతో, చివర కెమెరా ఉన్న వీడియో లారింగోస్కోపే మొదట చేతిలోకి తీసుకోండి. నవజాత శిశువుకి గొట్టం వేస్తున్నంతసేపూ ఆక్సిజన్ అందుతూనే ఉండాలి. ప్రయత్నాలకి హద్దు పెట్టుకోండి. కుదరకపోతే స్వరపేటిక పైన కూర్చునే మాస్కుతో ముందు ఊపిరి నిలబెట్టండి. గొట్టం సరైన చోట పడిందని కాప్నోగ్రాఫ్ అలతో రుజువు చేసుకోండి.

వరసగా చదువుతుంటే ప్రతి వాక్యం వెనకా నాకు మనుషులు కనిపించారు. తగినంత మత్తు దగ్గర ఆనంద్ చూసిన పిల్లలు. కెమెరా దగ్గర ఓడ్వయర్ గుడ్డి వేలు. ప్రయత్నాలకి హద్దు దగ్గర, గొట్టం మీద గొట్టం మార్చిన ఆ గొంతులు. మొదటి వాక్యం దగ్గర మా మత్తు డాక్టరుగారు, చేతిలో స్టెతస్కోపుతో. జలుబు చేసిన పసిగొంతు చిన్న తాకిడికే బిగుసుకుపోతుంది, ఆ బిగుసుకోవడం వారాలదాకా పోదు. ఆవిడ ఆ రోజు చేసింది నా సెలవుని పాడుచెయ్యడం కాదు, ఈ వరసలో మొదటి పని.

మూడు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళాం. ఈసారి ఆవిడ మళ్ళీ ఛాతీ విన్నారు, తల ఊపారు. నేను ఒక్క ప్రశ్నే అడిగాను. "లోపల అంతసేపూ మీరే ఉంటారా మేడమ్?" "ఎక్కడికీ పోనండీ, దాని తల దగ్గరే కూచుంటాను" అన్నారు. థియేటర్ తలుపు మూసుకునే ముందు లోపల్నించి వేరే ఎవరిదో బీప్ వినిపించింది. ఒకే స్థాయిలో, వేగంగా.

గంటన్నర దాటాక నర్సు బయటికొచ్చి, "పాప లేచిందండీ, బాగా ఏడుస్తోంది, అమ్మని రమ్మంటున్నారు" అంది. మా అత్తగారు కంగారుపడి లేచారు. ఏడవనివ్వండి అత్తయ్యా, అన్నాను.

ఇప్పుడు దానికి ఐదేళ్ళు. పెదవి మీద సన్నటి గీత ఉంది, దగ్గరగా చూస్తే తెలుస్తుంది. సున్నా చుట్టిన ఆ రిపోర్టు మా ఫైల్లోనే ఉంది. పోయిన వారం స్కూలు అప్లికేషన్ కోసం ఫైలు తీస్తుంటే అది చూసి, ఇదేంటి నాన్నా అని అడిగింది. నీ ఊపిరి గొట్టం బొమ్మ, అని చెప్పాను. ఇంత చిన్నదా, అని నోరు తెరిచి అద్దంలో చూసుకుంది.